ఫ్రిజ్ కాలికింద పుస్తకం

నేను ఒక పుస్తకాన్ని. కాలేజీ రిజిస్టరులో మాత్రం ఇరవై రెండేళ్లుగా దొంగసొత్తును.

నాలో ఉన్నది ఒక పాత ఇంగ్లీషు నవల. అందులో ఒక కురూపి ఉంటాడు. ఏ గడప తొక్కినా జనం రాళ్లేసి తరుముతారు. తరిమి తరిమి, చివరికి వాడు రాక్షసుడయ్యాక, వాడి పుట్టుకే అంత అని చేతులు దులుపుకుంటారు. మనుషుల గొప్పతనం గురించి నాకు మొదట తెలిసింది నా పేజీల్లోంచే.

మా కాలేజీలో శేషశయనం గారని ఇంగ్లీషు లెక్చరరు. ఏటా నన్ను చేత పట్టుకుని ఒకటే పాఠం చెప్పేవారు. "పుట్టుకతో ఎవడూ చెడ్డవాడు కాదర్రా. వెలివేసి మనమే చెడగొడతాం." సరిగ్గా ఆ మాట దగ్గర రుమాలు తీసి కళ్లు ఒత్తుకునేవారు. పక్క సెక్షనులోనూ అదే మాట, అదే రుమాలు.

క్లాసులో ఆ పాఠాన్ని నిజమని నమ్మినవాడు ఏసోబు ఒక్కడే. బ్రిటిషువాళ్లు కొన్ని కులాలను పుట్టుదొంగలని చట్టం రాసి సెటిల్మెంట్లనే కాపలా ఊళ్లలో పెట్టారు కదా, అతనిది అలాంటి ఊరు. చట్టం ఎప్పుడో పోయింది. ఆ ఊరి పేరు వినగానే పక్కవాళ్లు సంచీ దగ్గరికి లాక్కోవడం మాత్రం పోలేదు. అతనికి టీచరు ట్రైనింగులో సీటొచ్చింది. చేరాలంటే కాలేజీ నుంచి కాండక్టు సర్టిఫికెట్టు కావాలి.

చదవడానికి తీసుకెళ్లిన నన్ను పరీక్షలయ్యాక ఏసోబు తిరిగి తెచ్చి లైబ్రరీ బల్లమీద పెట్టాడు. కార్డుమీద అతని పేరు కొట్టేయాల్సిన లైబ్రేరియన్ మస్తానయ్య టీకి వెళ్లాడు. ఏసోబు అటు వెళ్లగానే శేషశయనం గారు వచ్చారు. "సంతకం తర్వాత పెడతాలే" అని ఖాళీ కుర్చీకి చెప్పి, నన్ను చంకన పెట్టుకుని ఇంటికి పోయారు. లెక్చరర్లు అలా తీసుకుపోతే మా కాలేజీలో దాన్ని చనువు అంటారు.

ఇంట్లో కొత్త ఫ్రిజ్ ఊగుతోంది. ఆయన భార్య అలివేలమ్మ నన్ను దాని కాలికింద దోపింది. ఫ్రిజ్ నిలబడింది. ఆయన నన్ను మరిచిపోయారు.

జూన్‌లో ఒకరోజు అన్నం తింటూ ఆయనే చెప్పారు. "ఆ సెటిల్మెంటు కుర్రాడు లైబ్రరీ పుస్తకం నొక్కేశాడే. కార్డుమీద వాడి పేరే ఉంది. ఇచ్చేశానని ఏడ్చాడు. ప్రిన్సిపాలు నన్నడిగితే, ఏం చేస్తామండీ, రక్తంలో ఉంది అన్నాను."

"మరి సర్టిఫికెట్టు?"

"ఎలా ఇస్తారే? సీటూ పోయింది. కాస్త పెరుగు వెయ్యి."

నేను ఆయన కంచానికి మూడడుగుల దూరంలో ఉన్నాను. నామీద నాకు అసహ్యం వేసింది. ఇన్ని వేల మాటలు కడుపులో ఉండి ఒక్కటీ పైకి రాలేదు.

ఇరవై రెండేళ్లు గడిచాయి. రిటైరయ్యే రోజు కూడా ఆయన అదే పాఠం చెప్పి, పూలదండతో ఇంటికొచ్చారు. ఆ వారంలోనే ఫ్రిజ్ మార్చారు. అలివేలమ్మ వంగి నన్ను తీసి, దుమ్ము దులిపి, లోపలి కాలేజీ ముద్ర చూసింది.

"ఏవండీ, ఆ పిల్లాడు ఎత్తుకుపోయాడన్నది ఈ పుస్తకమే కదూ?"

ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశారు. కాలేజీ ముద్ర ఉన్న పేజీ చింపి, మడిచి జేబులో పెట్టుకున్నారు. "పాతపేపర్లవాడికి వేసెయ్. నా పెన్షను కాగితాలింకా ఆ కాలేజీలోనే ఉన్నాయి."

"మరి ఆ పిల్లాడు?"

"ఎక్కడో బతుకుతూ ఉంటాడులే."

ఈసారి రుమాలు బయటికి రాలేదు.

ఇప్పుడు పాతకాగితాల కొట్లో తక్కెడ పక్కన పడి ఉన్నాను. పుట్టుకా, పెంపకమా అన్న ప్రశ్న నా పొట్టలో ఇంకా అలాగే ఉంది. శేషశయనం గారి తండ్రి బడిపంతులు. ఇంటినిండా పుస్తకాలే. చిన్నప్పటినుంచీ ఆయన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు, ఏ గడప దగ్గరా ఆపలేదు. పుట్టుకకు వంక లేదు, పెంపకానికీ లేదు. అయినా దొంగ ఆయనే.