నాలుగు సెకన్ల కన్నీళ్లు

ఆదివారం సాయంత్రం 7 గంటల 42 నిమిషాలకు కొలకలూరు కొండమ్మ టీవీలో ఏడ్చింది. నాలుగు సెకన్లు.

అది పాటల పోటీ. ఆ నాలుగు సెకన్లూ వేదిక మీద పాడుతున్నది పొన్నూరు అమ్మాయి. కొండమ్మ ఆ పోటీ రికార్డింగుకు తెనాలి నుంచి బస్సులో హైదరాబాద్ వెళ్లింది ఆ అమ్మాయి కోసం కాదు. ప్రణీత్ కోసం. ప్రణీత్ ఆమె అక్క రాహేలు మనవడు. రేపల్లెలో అమ్మమ్మ దగ్గరే పెరిగాడు. రాహేలు మోకాళ్ల నొప్పుల వల్ల ప్రయాణం చేయలేదు. తన బదులు చెల్లెలిని పంపింది.

ప్రణీత్ పాడినప్పుడు టీవీలో కొండమ్మ కనిపించలేదు. ఆ వారం అతను పోటీ నుంచి బయటికొచ్చాడు.

7 గంటల 50 నిమిషాలకు రాహేలు ఫోన్ చేసింది.

“మనోడు పాడితే కనపడకుండా పోయావు. ఆ పిల్లకి ఏడుస్తావేంటే?” అని పెట్టేసింది. ఆ తర్వాత ఆరు రోజులు ఫోన్ ఎత్తలేదు. అంతకుముందు అక్కాచెల్లెళ్లు ఇరవై రెండేళ్లుగా రోజూ మాట్లాడుకునేవారు.

కొండమ్మకు 61 ఏళ్లు. బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. సాయంత్రం వేళ చిక్కుడుకాయలు ఒలుస్తూ టీవీ చూస్తుంది. ఆమె అభిప్రాయాలు ఆ వీధిలో అందరికీ తెలుసు. సీరియళ్ల గురించి: “ఆ ఇంట్లో పదకొండు మంది. అన్నం ఎవరు వండుతున్నారో ఇంతవరకూ చూపించలేదు.” పాటల పోటీల గురించి: “జడ్జీలు జీతం తీసుకుని ఏడవడమేంటి? నేను వంట చేస్తా ఏడిస్తే పిల్లలు తింటారా?” పాటకు ఏడ్చేవాళ్లను నమ్మకూడదని కూడా ఆమె చెప్పింది. చాలాసార్లు చెప్పింది.

సోమవారం పొద్దున పక్కింటి లిడియా గోడ మీంచి అడిగింది. “పిన్నీ, నువ్వు కూడా జీతం తీసుకున్నావా?”

“కంటి మందమ్మా,” అంది కొండమ్మ. ఆమెకు నెల కిందట బాపట్లలో శుక్లం ఆపరేషన్ జరిగింది.

మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక కొండమ్మ తెనాలిలో రేపల్లె ప్యాసింజర్ ఎక్కింది. సంచిలో ఆసుపత్రి చీటీ, చుక్కల మందు సీసా, ప్రణీత్ స్వెట్టర్ ఉన్నాయి. స్వెట్టర్ ఉతికి మడత పెట్టింది. రికార్డింగు రోజున స్టూడియోలో ఏసీ చలికి వణుకుతుంటే అతను ఇచ్చాడు.

రాహేలు తలుపు తీసింది. రమ్మనలేదు. వద్దనలేదు. కొండమ్మ లోపలికెళ్లి చీటీ చూపించింది.

“చూడక్కా. రోజుకు మూడు సార్లు వెయ్యమన్నారు. వేసుకున్నాక కారతా ఉంటది. అది ఏడుపు కాదు, మందు.”

రాహేలు చీటీ మొత్తం చదివింది.

“ఏ కంటికి?”

“కుడి కంటికి.”

రాహేలు ఫోన్ తీసింది. ఆ నాలుగు సెకన్లు అందులో ఉన్నాయి. బంధువులు పంపారు. చెల్లెలి ముందు పెట్టింది.

“రెండు కళ్లూ కారుతున్నాయే.”

కొండమ్మ చూసింది. రెండు కళ్లూ కారుతున్నాయి. ఆమె చీటీ తీసుకుని సంచిలో పెట్టుకుంది. స్వెట్టర్ బయటికి తీసింది.

“ఇది ఆడికిచ్చెయ్. నేను బండికి పోతా.”

ప్రణీత్ పక్క గదిలోంచి వచ్చి స్వెట్టర్ అందుకున్నాడు. ఫోన్‌లో ఉన్న చిన్నమ్మమ్మను చూశాడు. మళ్లీ స్వెట్టర్‌ను చూశాడు.

“ఇందులో నువ్వు స్వెట్టర్ వేసుకోలేదేంటి చిన్నమ్మమ్మా?”

“ఏమో.”

“భోజనాలప్పుడు ఇచ్చాగా. సాయంత్రం బస్సెక్కేదాకా విప్పలేదు నువ్వు. బస్సులో కూడా దాంతోనే పడుకున్నావంట.”

“చలేసింది. అయితే?”

“నేను పాడింది భోజనాలకి ముందు, పదకొండింటికి. ఆ అమ్మాయి పాడింది నాలుగింటికి. ఆ అమ్మాయి పాటకి ఏడిస్తే ఒంటి మీద స్వెట్టర్ ఉండాలి. ఇది పొద్దున తీసింది. టీవీవాళ్లు తెచ్చి అక్కడ అతికించారు.”

“పొద్దున ఇంకెవరైనా పాడారా?” అంది రాహేలు.

“నేనొక్కడినే అమ్మమ్మా. మిగతావన్నీ భోజనాలయ్యాకే.”

రాహేలు ఆ నాలుగు సెకన్లు ఇంకో మూడు సార్లు చూసింది. చీర ఉంది. స్వెట్టర్ లేదు.

“అయితే మనోడికి ఏడ్చావా?”

“చుక్కల మందే అక్కా.”

“రెండు కళ్లకీనా?”

రాహేలు లేచి గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. ఇంకో గ్లాసు బియ్యం కడిగింది.

“కూర నేను చేస్తా. నీ చేతిలో ఉప్పెక్కువ,” అంది కొండమ్మ.

“వారానికొచ్చి ఉప్పు గురించి చెప్తున్నావా?” అంది రాహేలు.

సాయంత్రం ప్యాసింజర్‌కు కొండమ్మ వెళ్లలేదు. 7 గంటలకు ముగ్గురూ టీవీ ముందు కూర్చున్నారు. పొన్నూరు అమ్మాయి పాడింది. బాగా పాడిందని ప్రణీత్ అన్నాడు. జడ్జి కళ్లు తుడుచుకున్నాడు.

“చూడవే, జీతగాడు,” అంది రాహేలు.

“పోన్లే అక్కా,” అంది కొండమ్మ.

8 గంటలకు రాహేలు ఆమె కుడి కంట్లో ఒక చుక్క వేసింది. కుడి కన్ను కారింది. ఎడమ కన్ను కారలేదు.