అరవై గింజలు

"ఏముంది అందులో? చీల్చి, కూరి, పెట్టడమేగా!" అనేసి మొగుడు తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లిపోయాడు. ఇంట్లో పార్టీ ఉన్న ప్రతిసారీ ఆ మాట అనకపోతే ఆయనకు స్నానం పట్టదు కాబోలు.

ఆమె చాకు తీసుకుని ఖర్జూరాల ముందు కూర్చుంది. చీల్చడం అంటే రెండు చెక్కలు చేయడం కాదు. ఒక పక్కనే, గింజ తగిలేదాకా గీయాలి. గింజను గోటితో లేపి గిన్నెలో వేయాలి. బాదంపొడి, వెన్న, నారింజ తొక్క తురుము, చిటికెడు ఉప్పు కలిపిన ముద్ద లోపల పెట్టి, మూతపడీ పడనట్టు అంచులు నొక్కాలి. ఆ చిటికెడు ఉప్పు మరిచిపోయిందా, అంతే సంగతులు, రెండోదానికి ఎవరూ చెయ్యి చాపరు. చివర్లో గింజలు లెక్కపెడుతుంది. మొట్టమొదటి పార్టీలో ఒక గింజ లోపలే ఉండిపోయి ఆడపడుచు పన్ను ఊడినంత పనయింది. అప్పటినుంచి అరవై పళ్లకు అరవై గింజలు కనబడితే గానీ ఆమె వంటగది దాటదు.

అప్పుడు అల్మారా మీంచి పెట్టె దిగుతుంది. ఏనాడో ఎవరో తెచ్చిన మిఠాయి పెట్టె, బంగారు రంగుది, మూలన టేపు అంటించినది. ఆమె చేసిన పళ్లను అందులో వరసగా పేర్చడం ఒక్కటే పార్టీలో మొగుడు చేసే పని. "ఇంట్లో చేశామంటే చులకనైపోతాం. షాపు సరుకంటే ఆ మర్యాదే వేరు" అన్నాడు మొదట్లో. "పేరు కోసం చేస్తామా అమ్మాయ్, ఇంటి కోసం గానీ" అని అత్తగారూ వంత పాడింది. ఆరేళ్లుగా వచ్చినవాళ్లంతా షాపును మెచ్చుకుంటుంటే ఆమె మంచినీళ్లు అందిస్తూ వింటోంది. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత తర్వాత, ఎక్కడా లేని ఆ షాపు వంటవాడి మీద అసూయ పుట్టడం మొదలైంది. తన మీద తనే కుళ్లుకుంటున్నానని తెలిసిన రోజు బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చింది.

సాయంత్రం మొగుడి ఆఫీసు పెద్ద మేడమ్ నాలుగోది నోట్లో వేసుకుంటూ, "ఎన్నిసార్లు తిన్నా ఒక్క గింజ తగల్లేదయ్యా. వచ్చే నెల నా రిటైర్మెంటు. రెండొందల మందికి కావాలి. ఆ షాపెక్కడ?" అంది.

మొగుడు నీళ్లు నమిలాడు. "అదీ... మూసేశారండి మేడమ్."

"మరి ఇవి?"

"నిన్ననే మూసేశారు."

ఎవరో కిసుక్కున నవ్వారు. మొగుడు ఆమె వైపు చూశాడు. ఇలాంటప్పుడు నోరు జారిన మాటలన్నిటినీ సర్దేది ఆమే. ఇప్పుడూ సర్దగలదు. కానీ నోటిదాకా వచ్చిన అబద్ధం ఎందుకో ఇవాళ చేదుగా తగిలింది. లేచి వంటగదిలోకి వెళ్లింది. నీళ్లు తెస్తుందనుకుని మొగుడు ఊపిరి పీల్చుకున్నాడు.

ఆమె గింజల గిన్నె తెచ్చి బంగారు పెట్టె పక్కన పెట్టింది. "షాపు మూయలేదండీ. ఇదే షాపు. లెక్కపెట్టుకోండి, అరవై ఉంటాయి." గొంతు వణికింది. వణికితే వణికింది.

సోఫాలోంచి అత్తగారు గొంతు సవరించుకుంది. "ఒక్క గింజ తగ్గినా పెట్టె దింపనివ్వదు. ఇన్నేళ్లూ చూస్తూనే ఉన్నా, చెప్పాల్సింది నేనే చెప్పలేదు."

మేడమ్ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. "రెండొందల మందికి చేయగలవా?"

"తనకెక్కడ తీరుతుందండీ, ఇంటి పనితో..." మొగుడు అందుకున్నాడు.

"తీరుతుందండీ. నేను ముద్ద కలిపి రుచి చూసుకుంటాను," అందామె. ఈసారి గొంతు వణకలేదు. "గింజలు మా ఆయన తీస్తారు. ఏముంది అందులో?"