కోట దర్వాజలో మొండెద్దు

లక్ష్మీనారాయణ కాశిబుగ్గ నుంచి ఆటోలో ఖిలా వరంగల్ చేరేసరికి, బాబా మియా ఇంటి ముందు మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. బట్టలు మార్చుకోలేదు, సంచీ సర్దుకోలేదు. ఆ పూటే అతని కంటి ఆపరేషన్.

అతని భార్య తాహెరా బేగం గడపలోంచే మొరపెట్టుకుంది. "చూడు అన్నా, పొద్దుగాల్నుంచి గిట్లనే. దవాఖానకు రాను, ఏం జేస్తవో చేస్కో అంటాండు. నువ్వన్న చెప్పు."

స్నేహితులిద్దరూ ఒకే బస్సు డిపోలో పనిచేసి రిటైరైనవాళ్లు. బాబా మియా డ్రైవర్, లక్ష్మీనారాయణ కండక్టర్. బాబా మియా ఎడమ కన్ను రిటైరయ్యాక ముల్లు గుచ్చుకుని పోయింది. మిగిలిన కుడి కంటికి శుక్లం ముదిరింది. ఇంకా నాన్చితే చేయి దాటిపోతుందని డాక్టర్ చెప్పేశాడు.

"ఏమాయె బాబా భాయ్, లగ్గం పిలగాని లెక్క అలిగినవ్?"

"నువ్వచ్చినవా? మా బేగం పోలీసోళ్లను పిలిచినా బాగుండు." బాబా మియా గొంతు వినిపించిన దిక్కుకు తల తిప్పాడు. "జర మసకగనన్న పొద్దు కనవడ్తాంది నారాయణా. కోసినంక అది గూడ పోతే? స్టెప్నీ లేదు గద, తీసి బిగించుకుందామంటే."

లక్ష్మీనారాయణ వెళ్లి అతని పక్కన మంచం పట్టె మీద కూర్చున్నాడు. తాహెరా బేగం తెచ్చిన చాయ్ చల్లారుతోంది. రోడ్డు మీద ఆటో అతను విసుగొచ్చి హారన్ కొట్టాడు.

"గీ ఆటోకు హారనన్న ఉన్నది" అన్నాడు బాబా మియా. "మన మొండెద్దుకు గదీ లేకుండె."

మొండెద్దు అని డిపో అంతా కలిసి ఒక పాత బస్సుకు పెట్టిన పేరు. దాని ఇంజను డ్రైవర్ పక్కనే ఉండేది. ఎండాకాలం ఆ మూత మీద నీళ్లు చిలకరిస్తే చుయ్‌మనేవి. గేరు రాడ్ గడ్డపారంత. స్టీరింగ్ అర చుట్టు తిప్పితే గాని చక్రాలకు కబురందదు. వానొస్తే కండక్టరే వైపర్‌కు తాడు కట్టి లాగాలి. ఇక పక్క అద్దం ఎంత వణికేదంటే, వెనక నిలబడింది మనిషో మేకో తేలేది కాదు.

"డ్యూటీల దాని నంబర్ వడితే అందరు కడుపునొప్పని సెలవు వెట్టేటోళ్లు" అన్నాడు లక్ష్మీనారాయణ.

"అందరికంటే ముందుగాల నువ్వే పెట్టేది. మిర్చి బండ్ల రోజు యాదికున్నదా?"

ఎట్లా మరుస్తాడు? ఆ రోజు బస్సు నిండా జనం, టాపు మీద కూడా జనమే. కోట దర్వాజ తిన్నగా ఉండదు. లోపలికి వచ్చాక పక్కకు తిరుగుతుంది. శత్రువుల ఏనుగులు ఒక్క ఊపున దూసుకురాకుండా అట్లా కట్టారంటారు. ఆ మలుపులో మొండెద్దు సగం దూరాక, ఎదురుగా మిర్చి బస్తాల ఎడ్లబండ్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఎడ్లకు రివర్స్ గేరు ఉండదు. బస్సే వెనక్కి పోవాలి. రెండు పక్కలా రాతి గోడ, నడుమ అరచేయి పట్టేంత సందు.

లక్ష్మీనారాయణ దిగి వెనక్కి వెళ్లి, బస్సు బాడీ మీద అరచేత్తో కొట్టడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు సాగినంతసేపు రావచ్చు. ఒక్క పెద్ద దెబ్బ పడితే ఆగాలి. టప్, టప్, టప్. అంత బండి, అందులో అన్ని ప్రాణాలు, అతని చేతి వెంట అంగుళమంగుళం కదిలి వచ్చాయి. ఎడ్ల మెడ గంటలొక్కటే మోగుతున్నాయి. రాతికి గీర కూడా పడకుండా మొండెద్దు ఎండలోకి వచ్చింది. బస్సు దిగిన ఒక ముసలమ్మ ముందు రాతిని తాకింది, తర్వాత బస్సును తాకింది, ఆ చేతిని కళ్లకద్దుకుంది.

"ఎట్ల తీసిన బయటికి!" అన్నాడు బాబా మియా.

"ఏం జూసి తీసినవ్? అద్దంల నీకు మేకలే గద కనవడేది."

"ఏం జూడలే. కండ్లు మూస్కున్న."

లక్ష్మీనారాయణ చేతిలో చాయ్ గ్లాసు ఆగిపోయింది. "ఏందీ?"

"అద్దం జూస్తాంటే గోడే మీదికొచ్చినట్టయింది. అందుకే మూస్కున్న. నీ చెయ్యి ఇనుకుంట వచ్చిన."

ఇన్నేళ్లూ ఆ పనిలో సగమే తనదనుకున్నాడు లక్ష్మీనారాయణ. గ్లాసు కింద పెట్టి తన అరచేతి వంక చూసుకున్నాడు. నిండు బస్సును ఆ మనిషి ఈ చేతికి అప్పజెప్పి కళ్లు మూసుకున్నాడు!

లేచి వెళ్లి తలుపు చెక్క మీద కొట్టాడు. టప్, టప్, టప్.

"గదేంది?" అన్నాడు బాబా మియా.

"బండి తియ్యి."

బాబా మియా మంచం మీంచి కాళ్లు కిందికి దించాడు. తర్వాత కాలితో చెప్పులు వెతుక్కున్నాడు. "బేగం, అంగీ ఇటియ్యి" అన్నాడు.

ముగ్గురూ ఎక్కిన ఆటో కోట దర్వాజ మలుపు తిరుగుతున్నప్పుడు లక్ష్మీనారాయణ ఆ రాతి గోడల వంక చూశాడు.

దవాఖానలో ఆపరేషన్ గది గడప ఎత్తుగా ఉంది. చక్రాల కుర్చీని ముందుకు తోస్తే ఎక్కడం లేదని, ఆయమ్మ దాన్ని వెనక్కి తిప్పి లాగడం మొదలుపెట్టింది. బాబా మియా ముఖం లక్ష్మీనారాయణ వైపే ఉంది. ఒడిలోని రెండు చేతులూ లేచి, లేని స్టీరింగ్‌ను పట్టుకున్నాయి.

లక్ష్మీనారాయణ గోడ మీద కొట్టాడు. టప్, టప్.

"పెద్దాయనా, ఈడ సప్పుడు చేయొద్దు" అంది ఆయమ్మ.

"జర కొట్టనియ్యమ్మా" అంది తాహెరా బేగం. "బండి ఎనుకకు వోతాంది."

బాబా మియా కళ్లు మూసుకున్నాడు. కుర్చీ గడప దాటింది, తలుపులు మూసుకున్నాయి. లోపల చక్రాల చప్పుడు వినిపించినంతసేపు లక్ష్మీనారాయణ కొడుతూనే ఉన్నాడు. ఆగమనే ఆ ఒక్క పెద్ద దెబ్బ మాత్రం కొట్టలేదు.