ఎత్తు మీద పని

టైలరమ్మకూ ఆమె వదినకూ పడదన్న సంగతి చర్చి సంఘమంతటికీ తెలుసు. పెద్ద కారణమేమీ లేదు. ఒకరు కోడలిగా వచ్చిన ఇంట్లో మరొకరు ఆడపడుచుగా పుట్టి ఉండటమే కారణం.

టైలరమ్మ ఏ సంగతి చెప్పినా దానికి కుచ్చులు పెట్టి, అంచు కుట్టి, గోరంతను కొండంత చేసి చెబుతుంది. వదిన ఆసుపత్రి బిల్లుల కౌంటర్లో కూర్చునే మనిషి. కడుపునొప్పితో చేరి గుండెనొప్పి అని రాయించుకోబోయేవాళ్ళను ఏళ్ళ తరబడి చూసి చూసి, ఇంట్లో ఎవరైనా వాన పడుతోందన్నా కిటికీ తీసి చేయి చాపి చూశాకే నమ్మే స్థితికి వచ్చింది. ఇద్దరి మధ్య టైలరమ్మ అన్న, అంటే వదిన భర్త, అడకత్తెరలో పోకచెక్కలా బతుకుతూ ఉండేవాడు. వీళ్ళిద్దరూ ఒకే విమానంలో సేవకు పరాయి దేశం వెళ్తున్నారని తెలిసినప్పుడు ఆయన పైకి విచారంగా ముఖం పెట్టాడు కానీ, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

సముద్రం అవతల కొండల్లో ఒక చిన్న ఊరు. అక్కడి సంఘంవాళ్ళు పిల్లల హాస్టలు నడుపుతున్నారు. గోడలు పెచ్చులూడాయి, కరెంటు తీగలు పాతబడ్డాయి, పిల్లల గదులకు తెరలు లేవు. అందుకని పాస్టరుగారు, ఒక ఎలక్ట్రీషియను, బట్టలు కుట్టడానికి టైలరమ్మ, మందులూ లెక్కలూ చూడటానికి వదిన, నలుగురూ బయలుదేరారు.

బయలుదేరే ముందు వదిన అందర్నీ ప్రార్థన మందిరం వెనక గదిలో కూర్చోబెట్టి ప్రయాణ వైద్య బీమా గురించి పాఠం చెప్పింది.

"ఇక్కడ మనకున్న ఆరోగ్య బీమా అక్కడ చెల్లదు. అందుకని వేరేది తీసుకున్నాను. ఒక్కొక్కటీ చెప్తాను, వినండి."

"దేవుడి పనికి వెళ్తూ బీమా ఏంటక్కా?" అన్నాడు ఎలక్ట్రీషియను.

"దేవుడి పనికే వెళ్తూ నువ్వు రబ్బరు చెప్పులు ఎందుకేసుకుంటావు?" అంది వదిన. "తీగల్లో కరెంటుంటుందనేగా. ఇదీ అంతే. బీపీ ఉందా?"

"మా ఆవిడ ఎదురుగా ఉన్నప్పుడే."

"ఉందని రాస్తున్నాను. ముందున్న జబ్బు దాచిపెడితే, రేపు అది ముదిరినప్పుడు వాళ్ళు చేతులెత్తేస్తారు."

ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ముందు బీమావాళ్ళకి ఫోను చేయాలనీ, ఆ తర్వాత అన్నీ వాళ్ళే ఆసుపత్రితో మాట్లాడుకుంటారనీ చెప్పింది. ఉన్నచోట వైద్యం లేకపోతే, వైద్యం ఉన్న దగ్గరి ఊరికి వాళ్ళే తరలిస్తారంది.

"అంటే విమానంలో మనింటికి తెచ్చేస్తారన్నమాట," అంది టైలరమ్మ.

"మనింటికి కాదు. దగ్గర్లో ఉన్న సరైన ఆసుపత్రికి. ఇంటిదాకా తెచ్చేది వేరే సందర్భంలో." వదిన గొంతు సవరించుకుంది. "ప్రాణం పోతే, భౌతికకాయాన్ని ఇంటికి చేర్చే ఖర్చు వాళ్ళదే."

"శుభమా అని బయల్దేరుతుంటే ఇవేం మాటలు వదినా? పైగా ఆ రోజున నాకేం తెలుస్తుంది, కిటికీ పక్క సీటు ఇచ్చారో లేదో."

పాస్టరుగారు నవ్వు ఆపుకోవడానికి బైబిలు తెరిచారు. వదిన నవ్వలేదు. ఆఖరుగా వేలెత్తి చెప్పింది.

"ఇది మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి. ఎత్తు మీద పని. నిచ్చెనలూ పరంజాలూ ఎక్కి పనిచేస్తూ పడితే మామూలు పాలసీ వర్తించదు. దానికి విడిగా కట్టి కలుపుకోవాలి. ఎలక్ట్రీషియనుకి ఒక్కడికే కలిపించాను. మిగతావాళ్ళెవరూ నిచ్చెన ముట్టుకోవద్దు."

"నేనెక్కేది మిషను ముందు స్టూలొక్కటే," అంది టైలరమ్మ, ఆవులిస్తూ.

*

హాస్టలు చేరాక ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. టైలరమ్మ నోరు ఎంత వేగమో చేయీ అంతే వేగం. గదులకు తెరలన్నీ కుట్టి, కడ్డీలకు ఎక్కించి, ఒక మధ్యాహ్నం నడుము పట్టుకుని ఆవరణలోకి వచ్చింది. పిల్లలు తరగతుల్లో ఉన్నారు. ఎలక్ట్రీషియను గోడవారన కట్టిన పరంజా దిగి భోజనానికి వెళ్ళాడు. వదిన మందులు కొనడానికి బజారుకు వెళ్ళింది. ఆవరణ మధ్యలో ఇనుప గొలుసులకు వేలాడుతూ ఉయ్యాల ఒకటి ఖాళీగా ఉంది.

టైలరమ్మ చుట్టూ చూసింది. కాసేపు కూర్చుందామనుకుంది. కూర్చున్నాక కాలితో నేలను తన్నకుండా ఉండలేకపోయింది.

లంగా ఓణీల వయసునుంచీ మిషను ముందు వంగిన నడుము ఒక్కసారిగా వెనక్కి వాలింది. చీర కుచ్చిళ్ళలోకి గాలి దూరింది. ముందుకు పోతే కొండలు దగ్గరికి వస్తున్నాయి, వెనక్కి వస్తే ఆకాశం కాళ్ళకిందికి పోతోంది. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ ఊగింది. ఎవరో వస్తున్న అలికిడై, యాభై దాటిన మనిషి ఇలా కనబడితే ఏం బాగుంటుందని, ఉయ్యాల ఆగకముందే దిగబోయింది. ఎడమ పాదం మడతపడి, చీలమండ పైన ఎముక పుటుక్కుమంది.

గోడ పట్టుకుని లేద్దామని పాకుతూ వెళ్ళింది. ఆ గోడకే పరంజా ఉంది. పాస్టరుగారు పరుగున వచ్చేసరికి ఆమె సరిగ్గా దాని కింద పడి ఉంది.

"అయ్యో తల్లీ, పరంజా ఎక్కావా?"

"ఆఁ," అంది టైలరమ్మ.

ఆ మాట నొప్పికి అన్నదో, అవునని అన్నదో ఆ క్షణాన ఆమెకే తెలియదు. పాస్టరుగారు మాత్రం అవుననే విన్నారు. ఆమెను వీధి చివరి క్లినిక్కుకు చేర్చి, వెంటనే ఇంటి దగ్గరి సంఘానికి ఫోనులో సందేశం పెట్టారు. 'మన సహోదరి గోడకు రంగు వేస్తూ పరంజా మీదనుంచి పడి గాయపడింది. సేవలో తగిలిన గాయం. ప్రార్థించండి.' ఒకదాని వెనక ఒకటి జవాబులు వచ్చాయి. ఎలక్ట్రీషియను వాటిని గట్టిగా చదివి వినిపించాడు. కాలికి చెక్క కట్టించుకుని బల్ల మీద పడుకున్న టైలరమ్మకు, అంత నొప్పిలోనూ, ఆ మాటలు చల్లగా తగిలాయి. తన బతుకులో ఇంతమంది ఒకేసారి తనను మెచ్చుకున్నది లేదు.

"పరంజాలో ఏ బల్ల మీంచి పడ్డావక్కా?" అన్నాడు ఎలక్ట్రీషియను.

"కింది దాని మీంచే," అంది ముందు. కాసేపాగి, "కిందిదని అనుకున్నాను గానీ, ఆ పైదే," అంది. వదిన బజారునుంచి వచ్చేటప్పటికి ఆమె చూరు దగ్గరికి చేరుకుంది.

క్లినిక్కు నర్సు విషయం తేల్చేసింది. ఎముక విరిగింది, ఎక్స్‌రే తీయాలి, బహుశా ఆపరేషను కావాలి, ఇక్కడ రెండూ లేవు, కొండ దిగి పెద్ద ఊరు వెళ్ళాలి. వదిన సంచీలోంచి బీమా కార్డు తీసి, నంబరు నొక్కబోతూ ఆగింది.

"వాళ్ళు మొదట అడిగేది ఇదే. ఎక్కడినుంచి పడ్డావు?"

"పరంజా మీంచి."

"ఎంత ఎత్తునుంచి?"

"చూరు అందేది."

వదిన పక్కనున్న కుర్చీలో కూలబడింది. "ఇంటి దగ్గర చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదమ్మాయ్. ఎత్తు మీద పనికి నీకు వర్తించదు."

 ఎలక్ట్రీషియను మెల్లగా అన్నాడు. "స్టూలు మీంచి పడిందని చెబితే పోలా?"

పాస్టరుగారు దగ్గారు.

"నేను చెప్పను," అంది వదిన. "రోజూ అవతలివాళ్ళని పట్టుకునేదాన్ని, నేనే ఆ పని చేస్తానా? ఉన్నది ఉన్నట్టు చెప్తాను. వాళ్ళు కాదంటే మనమే ఏదో తంటాలు పడదాం. గాజులు అమ్మైనా వైద్యం చేయిస్తాను. దీన్ని ఇలా వదిలేస్తే మా ఆయనకి ముఖం ఎలా చూపించను?"

ఆ 'గాజులు' అన్నమాటకు టైలరమ్మ తల తిప్పి చూసింది. వదిన అప్పటికే నంబరు నొక్కుతోంది.

"వదినా, ఆగండి. నేను పరంజా మీంచి పడలేదు."

"మరి?"

"ఉయ్యాల మీంచి."

ఎలక్ట్రీషియను పాస్టరుగారి వైపు చూశాడు. పాస్టరుగారు కుర్చీ దగ్గరికి లాక్కుని, చాలా మృదువుగా అన్నారు. "అమ్మా, నీ బాధ నాకర్థమైంది. కానీ బీమా కోసం అబద్ధం ఆడొద్దు. దేవుడు మరో దారి చూపిస్తాడు."

"నిజం అయ్యగారూ. పిల్లల ఉయ్యాల. ఊగుతూ దిగబోయి పడ్డాను."

"పోనీ స్టూలే నయం కదక్కా," అన్నాడు ఎలక్ట్రీషియను. "ఉయ్యాలంటే ఎవరు నమ్ముతారు?"

టైలరమ్మకు ఏడుపొచ్చింది. మధ్యాహ్నం నుంచీ చెప్పిన అబద్ధాన్ని అందరూ కళ్ళకద్దుకున్నారు. ఇప్పుడు నిజం చెబుతుంటే జాలిగా చూస్తున్నారు. వదిన లేచి వచ్చి, ఆమె చేతులు రెండూ పట్టుకుని వెల్లకిల తిప్పింది. అరచేతుల్లో ఎక్కడా రంగు లేదు. రెండింటిలోనూ గొలుసు కణుపుల అచ్చులు, వాటి వెంట ఎర్రగా తుప్పు.

"ఇది నిజమే చెబుతోంది అయ్యగారూ," అంది వదిన.

"తుప్పు పరంజాకీ ఉంటుంది కదమ్మా."

"తుప్పు సంగతి పక్కన పెట్టండి. మా ఆడపడుచు నాకు ఎన్నేళ్ళుగానో తెలుసు. ఇది అబద్ధమాడితే అందులో ఎప్పుడూ పైనే ఉంటుంది, ఇంత కిందికి రాదు. ఈ మాట కుట్టిన గుడ్డ కాదు, మగ్గం మీంచి దిగింది దిగినట్టే ఉంది."

టైలరమ్మ కళ్ళు తుడుచుకోవడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయింది.

సిగ్నలు కిటికీ గట్టు మీద తప్ప ఇంకెక్కడా అందడం లేదు. ఫోను అక్కడ పెట్టి, స్పీకరు నొక్కి మాట్లాడాల్సి వచ్చింది. బయట వరండాలో హాస్టలు వార్డెనూ, పరంజా కట్టిన మేస్త్రీ, తమ వంతు కోసం వచ్చిన రోగులూ ఉన్నారు. భాష తెలియకపోయినా అందరూ చెవి అటే పెట్టారు. అవతల మాట్లాడుతున్న అమ్మాయి గొంతు మర్యాదగా ఉంది.

"ప్రమాదం జరిగినప్పుడు ఏం చేస్తున్నారమ్మా?"

"ఊగుతున్నాను."

"సరిగా వినపడలేదండీ."

"ఉయ్యాల. ఊగుతున్నాను, ఉయ్యాల మీద," అని అరిచింది టైలరమ్మ.

"ఓహో. ఉద్యోగంలో భాగంగానా?"

"కాదు తల్లీ. సరదాకి."

"ఆ సమయంలో మద్యం ఏమైనా తీసుకున్నారా?"

పాస్టరుగారు కప్పు వైపు చూశారు.

"మేము సేవకి వచ్చినవాళ్ళమమ్మా," అంది టైలరమ్మ.

"అందర్నీ అడగాలండీ, ఏమీ అనుకోకండి. సరదాగా ఊగుతూ పడితే మామూలు ప్రమాదం కిందికే వస్తుంది. డాక్టరు రాసింది చూశాక కాగితం మీద కూడా ఖాయం చేస్తాం. బండి పంపిస్తున్నాం. పేషెంటుకి తోడుగా ఒకరు ఉండొచ్చు, వాళ్ళ బస మా పాలసీలోనే ఉంది. ఎవరుంటారు?"

గదిలో చూపులన్నీ అటూ ఇటూ తిరిగి ఒకేచోట ఆగాయి.

"ఇంకెవరుంటారు, నేనే," అంది వదిన. "రాసుకోండి. వదిన."

*

పెద్ద ఊరి ఆసుపత్రిలో ఆపరేషను చేసి విరిగిన ఎముకకు ప్లేటు వేశారు. పాస్టరుగారూ ఎలక్ట్రీషియనూ మిగిలిన పని ముగించుకుని ఇంటికి బయలుదేరారు. వెళ్ళేముందు పాస్టరుగారు సంఘానికి సవరణ సందేశం పెట్టారు. దానికి వచ్చిన జవాబుల్లో ప్రార్థనలు తక్కువ, నవ్వులు ఎక్కువ. సంఘం పిల్లలు ఆమెకు ఉయ్యాలమ్మ అని పేరు పెట్టేశారు. టైలరమ్మ రెండు పూటలు ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకుంది. మూడో పూట ఆకలేసి ఇటు తిరిగింది.

వదిన రోజూ బీమావాళ్ళతో, ఆసుపత్రి కౌంటర్లోని మనిషితో మాట్లాడి వచ్చేది. కౌంటరుకు ఇవతల నిలబడటం ఆమెకు కొత్త. "నేను ఇన్నాళ్ళూ జనంతో కొంచెం మెత్తగా మాట్లాడి ఉండాల్సింది," అంది ఒకసారి తనలో తాను. టైలరమ్మ విని కూడా విననట్టు ఊరుకుంది. అది ఆమె చేసిన పెద్ద సాయం.

ఒక సాయంత్రం వదిన ఆమె తల దువ్వి, జడ అల్లుతూ అడిగింది. "నిజంగా ఎంత ఎత్తు ఊగావు?"

"ప్రహరీ అవతల రోడ్డు మొత్తం కనపడింది."

వదిన జడ అల్లడం ఆపింది.

"సగం కనపడింది," అంది టైలరమ్మ.

"బాగుందా?"

"చాలా బాగుంది వదినా. దిగాలనిపించలేదు."

 వదిన జడ చివర రబ్బరు బాండు వేసి, కిటికీలోంచి కాసేపు బయటికి చూసింది.

ఇంటికి వచ్చాక టైలరమ్మ ఉండే మూడో అంతస్తుకు మెట్లు ఎక్కడం కుదరదని, కాలు బాగయ్యేదాకా అన్నగారింట్లోనే ఉంచారు. మొదటి వారమంతా ఆమె అన్న ఇంటికి ఆలస్యంగా రావడానికి సాకులు వెతుక్కున్నాడు. గొడవ మొదలైతే ఎవరి వైపు మాట్లాడాలో ముందే అనుకుని, రెండు వైపులకూ సరిపోయే మాటలు వల్లె వేసుకుంటూ తలుపు తట్టేవాడు. ఒకరోజు తట్టినా ఎవరూ తీయలేదు. తోసుకుని లోపలికి వెళ్ళాడు.

హాల్లో కుట్టుమిషను ఉంది. అత్యవసరంగా ఇవ్వాల్సిన జాకెట్లున్నాయని ఎవరిచేతో మోయించి తెప్పించినట్టున్నారు. టైలరమ్మ కుడికాలు కింద, ఎడమకాలు పక్కనున్న పీట మీద చాపుకుని, గుడ్డ పట్టుకుని కుడుతోంది. వదిన ఆమె పక్కనే ఇరుక్కుని కూర్చుని, చీర కొంచెం పైకెత్తి దోపుకుని, రెండు పాదాలతో మిషను తొక్కుతోంది.

"మెల్లగా వదినా, మెడ వంపు దగ్గరికొచ్చాం. ఇది మెడ, రోడ్డు కాదు."

"నువ్వు గుడ్డ తిన్నగా పట్టుకో. నా కాళ్ళకేమీ తెలీదనుకోకు."

"ఆపండి, ఆపండి. దారం తెగింది."

"నా వల్ల కాదు."

"మరి నా వల్లా?"

అన్న గుమ్మం దగ్గర నిలబడి, వల్లె వేసుకున్న మాటల్లో ఏది పనికొస్తుందో వెతుక్కున్నాడు. ఇద్దరూ ఒకేసారి తలెత్తి, వెలుతురుకు అడ్డం తప్పుకోమన్నారు. ఆయన తప్పుకుని, వంటింట్లోకి వెళ్ళి తన టీ తనే పెట్టుకున్నాడు. హాల్లో మిషను మళ్ళీ మొదలైంది. ముందు తడబడుతూ, తర్వాత ఒకే వేగంతో.