గిడ్డమ్మ పరిగె

గిడ్డమ్మ మోకాళ్ల మీద కూచుని ఉర్లగడ్డ సాలును చేత్తో పెళ్లగిస్తోంది. గోళ్లలో ఎర్రమట్టి, వేళ్లకు పగుళ్లు, నడుముకు బిగించిన కొంగు. ఏ మొదలు లాగినా పిడికిలంత గడ్డలే. ఎంత వెతికినా గోలికాయంతది ఒక్కటీ కనబడదే! ఆమెకు ఒళ్లు మండిపోతోంది.

కోసిగి పక్క శనక్కాయ పీకినా, ఎర్రగడ్డ తవ్వినా, చేలో మిగిలిన చిన్నాచితకా కూలోళ్లదే. అదే పరిగె. ఎవడి దయా కాదది. పోయినేడు ఈ చేను ఆసామి నారాయణ తన బోరు కింద మొదటిసారి ఉర్లగడ్డ వేసినప్పుడు గిడ్డమ్మ ఆ పరిగెనే సంతలో జొన్నలకు మార్చుకుని ఉగాది దాకా నెట్టుకొచ్చింది. ఊరంతా లారీలెక్కి గుంటూరు మిరప కోతలకు, సుగ్గికని వలస పోయినా ఆమె పోలేదు. ఎట్లా పోతుంది? మొగుడు చిన్న ఈరన్నకు కాలూ చెయ్యీ పడిపోయాయి. గుక్కెడు నీళ్లు తాగించాలన్నా మనిషి కావాలి.

ఈసారి పరిగెను మందు మింగింది. ఆ మందు కొట్టింది గిడ్డమ్మే, అదీ ఆమె కడుపుమంట! "చెట్టును పైకి ఎదగనీకుండా పట్టి, బలమంతా గడ్డకు దించుతాది" అని మందులంగడి జయకుమార్ చెబితే, నారాయణ డబ్బా తెచ్చి ఆమె వీపుకెత్తాడు. చేనంతా తానే తడిపింది.

పొద్దు వాలేసరికి గడ్డలు గుట్టయ్యాయి. నారాయణ మీసం దువ్వుకుంటున్నాడు. గిడ్డమ్మ ఒళ్లో మాత్రం పట్టుమని పిడికెడు లేవు. వాటి మీదా పడింది ఆయన కన్ను.

"అవీ గుట్టలో పొయ్యి గిడ్డమ్మా. చిన్నవి విత్తనానికి కావాల."

"పరిగెప్పా ఇది! మందు కొట్టింది నేను. నీ గడ్డ లావాయ, నా పరిగె యాడికి పాయ?"

"చిన్నవి కాయకుంటే నేనేం చేసేది? దేవుణ్ణి అడుగు."

"దేవుడు కొట్టిచ్చినాడా మందు? నువ్వు కొట్టిస్తివి!"

తక్కిన ఆడవాళ్లు తలెత్తలేదు. రేపు పనికి పిలవడని భయం. గిడ్డమ్మ వాళ్లనూ కలిపి తిట్టింది.

అంతలో జయకుమార్ ఫోను పట్టుకుని వచ్చాడు. మూతి కట్టిన గడ్డల సంచి ఒకటి ఆమె ముందు పెట్టించాడు.

"అవ్వా, దీన్ని పట్టుకోని నవ్వుతా మందు శానా మంచిదని చెప్పు. వీడియో తీస్తా. సంచి నీకే."

ఆ సంచి తీసుకుంటే కొన్నాళ్లు తిండికి గడుస్తుంది, ఈరన్నను కదిలించి వలస పోయే పని లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినందుకే ఇంకా మండింది.

"నా పరిగె నువ్వు గుంజుకోని, మళ్లా నా చేతనే నీకు దండం పెట్టిస్తావా? తూ!"

ఒళ్లో ఉన్న నాలుగు గడ్డలూ నారాయణ కాళ్ల ముందు కుమ్మరించి వెళ్లిపోయింది.

ఆ రాత్రే కూలోళ్లను కోతలకు తోలుకుపోయే మేస్త్రీ లారీ వచ్చింది. ఈరన్నను మంచంతో సహా ఎక్కించారు.

"యాడికే?" అన్నాడు ముద్దమాటతో.

"సుగ్గికి."

తెల్లారాక గిద్దలూరు దగ్గర లారీ ఆపారు. ఆమె నీళ్లు పోసింది. ఆయన మింగలేదు. పెదవి చివరి నుంచి నీళ్లు చెవి వెనక్కి కారిపోయాయి. గిడ్డమ్మ కొంగుతో తుడిచి, ఆ మొహం మీదే కొంగు కప్పింది.

ఊళ్లో మాట వస్తుందనో ఏమో, నారాయణ ఆ సంచిని ఆమె ఇంటికి పంపించాడు. తాళం వేసిన తలుపుకు ఆనించి పెట్టి పోయారు, కట్టిన మూతి కట్టినట్టే.