ఖురియాత్ చేపల బజారులో కార్మెల

జయరాముడు మస్కట్‌లో టూరిస్టు బస్సు నడపడం మొదలుపెట్టి పదకొండేళ్లు. చలికాలం వచ్చిందంటే మత్రా రేవుకు పెద్ద పెద్ద షిప్పులు వస్తాయి. పొద్దున దిగినవాళ్లను ఊళ్లు తిప్పి, సాయంత్రం షిప్పు కదిలేలోగా తిరిగి దించడం అతని డ్యూటీ. ముఖాలు గుర్తుపెట్టుకోడు. తలకాయలు లెక్కపెడతాడంతే.

ఆ రోజు ఖురియాత్ అనే జాలరుల ఊళ్లో లెక్క ముప్పై ఎనిమిది దగ్గర ఆగింది. ఉండాల్సింది ముప్పై తొమ్మిది.

"కిటికీ పక్క ముసలామె లేదన్నా," అన్నాడు గైడు ఇర్షాద్, హైదరాబాదు పిల్లగాడు. "పావుగంట చూద్దాం. రాకుంటే పోవుడే. రూలు గదే."

"నువ్వు వీళ్లను సముదాయించు. నేను చూసొస్త," అని జయరాముడు దిగాడు.

కోట దగ్గర లేదు. సముద్రపు గట్టు మీద లేదు. చేపల బజారులో కనిపించింది. డెబ్బై దాటిన మనిషి, చేపలు కోసే బంగ్లాదేశీ పక్కన నిలబడి అతని కత్తితోనే ట్యూనా పొట్ట చీలుస్తోంది. తెల్ల ప్యాంటు నిండా నెత్తురు మరకలు. చేయి మాత్రం ఎక్కడా తడబడడం లేదు.

"మేడమ్, బస్సు. షిప్పు వెళ్లిపోతుంది," అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో.

ఆమె తలెత్తలేదు. కోస్తూనే చెప్పింది. పేరు కార్మెల. మధ్యధరా సముద్రంలో గోజో అనే చిన్న ద్వీపం ఆమెది. తండ్రి జాలరి. పంతొమ్మిదో ఏట ఆస్ట్రేలియా వెళ్లి, మళ్లీ సొంత గడ్డ తొక్కలేదు. ఇన్నాళ్లకు పిల్లలు ఈ ప్రయాణం కానుకగా ఇచ్చారు. పన్నెండు రోజుల కిందట షిప్పు ఆమె ద్వీపంలోనే ఆగింది.

"టూరు బస్సులో మా వీధినే తిప్పారు. నాకు బాప్తిస్మం ఇచ్చిన చర్చిని గైడు నాకే చూపించాడు. మా ఇంటి ముందు రెండు నిమిషాలు ఆపమన్నాను. ప్రోగ్రాంలో లేదన్నాడు డ్రైవరు."

ఆ డ్రైవరు తప్పు చేశాడని జయరాముడికి అనిపించలేదు. తానైనా అదే మాట అనేవాడు. ఎందరితోనో అన్నాడు కూడా.

గడియారం చూసుకున్నాడు. "సరే, ఈ చేప కానివ్వండి," అన్నాడు.

ఆమె పేగులు తీసి, ముక్కలు చేసి, కత్తి తుడిచి ఇచ్చింది. బంగ్లాదేశీ ఆమె చేతుల మీద నీళ్లు పోశాడు. అప్పటికి అరగంట ఆలస్యం.

బస్సులో చేపల వాసనకు కార్మెల పక్క సీటాయన లేచి వెనక్కి వెళ్లాడు.

"షిప్పు పోతే ఇద్దరి నౌకరీ పోతది," ఇర్షాద్ గొణిగాడు.

"పోదు. కూసో."

రేవు చేరేసరికి షిప్పు మెట్లు తీయడానికి మనుషులు వచ్చి నిలబడ్డారు. కార్మెల అందరికన్నా చివర దిగింది. అతని పేరు అడిగి, రెండుసార్లు పలకబోయి, నోరు తిరగక నవ్వింది. తర్వాత వెనక్కి చూడకుండా మెట్లెక్కింది.

మూడో రోజు ఫిర్యాదు వచ్చింది. మేనేజరు కారణం అడిగాడు. జయరాముడు ఉన్నదున్నట్టు చెప్పాడు. అదేం కారణమని, అతన్ని షిప్పుల డ్యూటీ నుంచి తీసేసి, మబేలాలోని లేబర్ క్యాంపు నుంచి ఖురంలో బిల్డింగులు కట్టే సైట్‌కు కూలీలను చేరవేసే బస్సు మీద వేశారు.

సంగతి తెలిసి ఇర్షాద్ ఫోన్ చేశాడు. "బాధైతుందా అన్నా?"

"పొద్దుగాల నాలుగున్నరకే లేవాలె," అన్నాడు జయరాముడు. "గదొక్కటే తిప్పలు."