మావారి తాళం పరీక్ష

మావారితో కలిసి బజారుకు వెళ్లినవాళ్లు రెండోసారి వెళ్లరు. నాకు ఆ సౌకర్యం లేదు. ఆయన తాళాల కంపెనీలో తనిఖీ విభాగంలో పనిచేస్తారు. తయారైన ప్రతి తాళాన్నీ గుంజి, కొట్టి, విప్పి, అనుమానించి, ఆ తర్వాతే పెట్టెలో పెట్టనిస్తారు. ఆ అలవాటును సాయంత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గర వదిలేసి రావచ్చు. ఇంటికి తెచ్చుకుంటారు. మొదటిసారి మా పుట్టింటికి వచ్చినప్పుడు నాకంటే మా వీధి తలుపు గడియనే ఎక్కువసేపు చూశారని మా అక్క ఇప్పటికీ అంటుంది. గడియ పాసయింది. నా సంగతి ఇంకా తేలలేదు.

ఇంతటి మనిషి ఇంట్లో స్నానాలగది తలుపును మేం తాడుతో కట్టుకుంటాం. దాని గడియ ఊడి చాలాకాలమైంది. "మంచిది దొరికాక బిగిద్దాం" అన్నారు. ఇంకా దొరకలేదు.

మా అమ్మాయికి భవనాల డిజైను చదువులో వేరే ఊళ్లో సీటు వచ్చింది. కాలేజీ హాస్టలు నిండిపోయింది. మర్నాటి నుంచి క్లాసులనగా ఆదివారం పొద్దున్నే ముగ్గురం ఆ ఊళ్లో బస్సు దిగాం. ఒక సూట్‌కేసు, మనిషంత డ్రాయింగు బోర్డు, ఒక మావారు. బోర్డును అమ్మాయి మోసింది, సూట్‌కేసును నేను మోశాను. మావారి చేతులు ఖాళీగా ఉండాలి. పరీక్షించాలి కదా.

సాయంత్రంలోగా గది దొరక్కపోతే పిల్ల వాళ్ల మేనత్త ఇంట్లో ఉండాలని ఒప్పందం. మా ఆడపడుచు ఆ ఊరి చివరే ఉంటుంది. చెడ్డ మనిషి కాదు. పొద్దుగూకగానే పడుకుంటుంది, తను పడుకున్నాక ఇంట్లో దీపం వెలగకూడదు, అంతే. మా అమ్మాయి చదువులో సగం రాత్రిపూట బొమ్మలు గీయడమే.

"అత్తయ్య ఇంట్లో చీకట్లో ఏం గియ్యను నాన్నా? రాత్రి బొమ్మ ఒక్కటే గియ్యగలను. దానికి పెన్సిలు కూడా అక్కర్లేదు."

"మీ అత్తయ్య ఇంటి తాళం నేను స్వయంగా తెచ్చి బిగించింది" అన్నారు మావారు, అక్కడితో వాదన ముగిసిపోయినట్టు.

మొదటి గది ఇస్త్రీ దుకాణం మీద. ఇంటాయన జేబులన్నీ తడుముకుని తాళంచెవి తీసేలోపు మావారు నా ముడిలోంచి ఒక పిన్ను లాగి, తాళంలో రెండు తిప్పులు తిప్పి తలుపు తీసేశారు. ఇంటాయన చేతిలోని తాళంచెవిని, మావారి చేతిలోని పిన్నును మార్చి మార్చి చూశాడు.

"ఇది తాళం కాదండీ. తలుపుకి నగ" అన్నారు మావారు.

"తమరేం చేస్తుంటారు?" అనడిగాడు ఇంటాయన, ఒకడుగు వెనక్కి వేసి. మేం మెట్లు దిగి వీధి మలుపు తిరిగేదాకా ఆయన మమ్మల్ని సాగనంపాడు. మర్యాద కోసమనే అనుకున్నాను.

రెండో గదిలో మావారు కిటికీ గడియను కొంచెం కదిపారు. అది చేతిలోకి వచ్చేసింది. దొరికిన వస్తువును సొంతదారుకు అప్పగించినట్టు దాన్ని ఇంటావిడ చేతిలో పెట్టారు.

"ఇన్నాళ్లూ బాగానే ఉంది!" అంది ఆవిడ.

"ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదమ్మా" అన్నారు ఈయన.

వీధిలోకి వచ్చాక అమ్మాయి బోర్డును గోడకు ఆనించి నిలబడింది. "నాన్నా, ఇంక ఒక్కటే మిగిలింది. అక్కడ దేన్నీ ముట్టుకోకు. చేతులు కట్టుకుని నిలబడు. నీకు దణ్ణం పెడతాను."

"నేనేం ముట్టుకుంటానే? చూస్తాను, అంతే."

"నువ్వు చూస్తే ఊడిపోతాయి."

మూడోది మూడో అంతస్తులో ఇద్దరు ఆడపిల్లలు కలిసి ఉంటున్న ఫ్లాటు. ఒక అమ్మాయి ఆస్పత్రిలో నర్సు. రెండో అమ్మాయి మా పిల్ల చేరబోయే కాలేజీలోనే సీనియరు. మూడో గది ఖాళీ అయింది. నర్సు పిల్ల తలుపు తీసి, "రండాంటీ, కూర్చోండి. అంకుల్, మీరూ..." అంటూ ఆగిపోయింది. అంకుల్ అప్పటికే గుమ్మంలో మోకాళ్ల మీద కూలబడి ఉన్నారు.

"కళ్లు తిరిగాయా ఆంటీ?" అంది వృత్తిధర్మంగా.

"లేదమ్మా. తాళం చూస్తున్నారు."

సీనియరు పిల్ల మాకు మంచినీళ్లిచ్చి సూటిగా విషయానికొచ్చింది. "ముందే చెబుతున్నానని ఏమనుకోకండాంటీ. ఇదివరకున్న అమ్మాయిని వాళ్ల నాన్నగారు గోడకి తేమ ఉందని నెల మధ్యలో తీసుకెళ్లిపోయారు. మా ఇద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది. అందుకే ఈసారి ఇంట్లోవాళ్లు నోరు తెరిచి సరేనంటేనే గదిస్తాం. ఇంకాసేపట్లో వేరేవాళ్లు కూడా వస్తున్నారు."

మేం ముగ్గురం గుమ్మం వైపు చూశాం. నోరు తెరవాల్సిన మనిషి తలుపు సందులోకి ఒక కన్ను పెట్టి ఉన్నారు.

ఖాళీ గదిలో మంచం చిన్నది, అద్దం మచ్చలు పడ్డది. కానీ కిటికీ పక్కన బల్ల ఉంది. రెండు డ్రాయింగు బోర్డులు పక్కపక్కన పట్టేంత బల్ల, దాని మీదికి వంగి మెడ తిరిగే దీపం. మా అమ్మాయి బోర్డును బల్లమీద పెట్టి చూసింది. దీపం వేసింది, ఆర్పింది, మళ్లీ వేసింది.

కాసేపటికి, "ఇది రాత్రంతా వెలిగితే మీకు ఇబ్బందా అక్కా?" అనడిగింది.

"నాకు రాత్రి డ్యూటీలు. నువ్వు కొంపకి నిప్పెట్టినా పొద్దున వచ్చేదాకా నాకు తెలీదు" అంది నర్సు పిల్ల.

"నేనూ రాత్రి గీసే బాపతే. ఇద్దరం కలిసి కరెంటు తగలేద్దాం" అంది సీనియరు.

నేను ముందుగదిలోకి వచ్చి, "ఏవండీ, పిల్లకి నచ్చింది. నాకూ నచ్చింది" అన్నాను.

"ఈ తాళం నచ్చలేదోయ్" అన్నారు మావారు. "పిన్నుకి లొంగడంలేదు. లొంగలేదంటే లోపల ఏదో తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉండాలి. చిన్నపిల్లాడు ఒక్క తోపు తోస్తే వచ్చేస్తుంది."

అప్పటికే జేబులోని స్క్రూడ్రైవరుతో పిడులు రెండూ విప్పేశారు. రెండు పిడులనూ కలుపుతూ మధ్యలో ఉండే నలుచదరపు ఇనుప కడ్డీని కూడా లాగి, స్క్రూడ్రైవరుతో సహా బయట వసారాలోని చెప్పుల స్టాండు మీద భద్రంగా పెట్టారు. లోపలి వైపు ఎలా ఉందో చూద్దామని గుమ్మం దాటి లోపలికొచ్చారు. అదే సమయంలో నాకు ఉక్కగా అనిపించి బాల్కనీ తలుపు తీశాను. గాలి బాగా వచ్చింది.

వీధి తలుపు ధడాలున మూసుకుంది.

ఇంతసేపటికి ఆ ఇంట్లో మావారికి చేతినిండా పని దొరికింది. తలుపును లాగడానికి పిడి లేదు. పిడి ఆయన చేతిలోనే ఉంది గానీ దాన్ని తిప్పే కడ్డీ బయట ఉంది. నా ముడిలోంచి ఇంకో పిన్ను లాగారు. వంకరపోయింది. నర్సు పిల్ల చెంచా ఇచ్చింది. వంగింది. సీనియరు పిల్ల కత్తెర ఇచ్చింది. దాని మొన కన్నంలో పట్టలేదు. చివరికి భుజంతో ఒక్క తోపు తోశారు. చిన్నపిల్లాడు తోస్తే వచ్చేస్తుందన్న తలుపు కదల్లేదు. భుజం మాత్రం కొంచెం కదిలినట్టుంది, నర్సు పిల్ల ఐసు తెచ్చి అద్దింది.

ఫ్లాటు సొంతదారుకు ఫోను చేస్తే ఆయన డ్యూటీలో ఉన్నానని, దిగాక వస్తానని చెప్పి పెట్టేశాడు. నా జుట్టు వీపుమీద పరుచుకుని ఉంది. నేను సోఫాలో కూర్చుని మిగిలిన మంచినీళ్లు తాగాను.

మా అమ్మాయి వచ్చి నాన్న పక్కనే నేలమీద కూర్చుంది.

"నాన్నా, మన స్నానాలగదికి తాడు కడతాం కదా."

"అయితే?"

"తాడు కట్టుకునే ఇంట్లో ఇన్నేళ్లూ బతికాను. ఏమీ కాలేదు. ఈ తలుపు నిన్నే లోపల పెట్టి మూసేసింది. ఇంతకన్నా గట్టిది ఎక్కడ తేను?"

మావారు పిడిని చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టారు.

"నీకు తాళం నచ్చకా, నేను వెళ్లడం నచ్చకా?"

ఆయన చేతిలోని పిడిని ఇటూ అటూ తిప్పుతూ కూర్చున్నారు. పిడిలో లోపమేమీ లేదు, నేను కూడా చూశాను.

అప్పుడు బయట మెట్లమీద చెప్పుల చప్పుడు వినిపించింది. ఎవరో తలుపు తట్టారు.

"అమ్మా, గది చూడ్డానికొచ్చాం. నేనూ, మా అమ్మాయీ. కాస్త తలుపు తీస్తారా?" మగ గొంతు.

సీనియరు పిల్ల మావారి వైపు చూసింది. "మీరే చెప్పండంకుల్. గది ఉందనా, లేదనా?"

మా అమ్మాయి కూడా చూసింది. నేను నా జుట్టు ముడేసుకోబోయి ఆగాను.

మావారు కడ్డీ తీసేసిన కన్నానికి నోరు ఆనించారు. "తలుపు తీయలేమండీ."

"ఏమండీ? తాళం మంచిది కాదా? ఆడపిల్లలుండే చోటు. నేనైతే ముందు తాళమే చూస్తాను."

నేనూ నా కూతురూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. చూసుకుంటే నవ్వు ఆగదు. తాళం మంచిది కాదని ఒక్క ముక్క అంటే చాలు, ఆ పెద్దమనిషి వచ్చిన దారినే వెళ్లిపోతాడు. కానీ మావారు తాళాల విషయంలో అబద్ధమాడరు.

"మంచిదేనండీ" అన్నారు. "చాలా మంచిది."

"అయితే గది మేమే..."

"గది లేదండీ. మా అమ్మాయి తీసేసుకుంది. నేను సరేనన్నాను."

మా అమ్మాయి లేచి లోపలికి వెళ్లింది. దీపం బటను టక్కుమన్న చప్పుడు వినిపించింది.

బయట కాస్త నిట్టూర్పు. "పోన్లెండి. మంచి తాళమే అయితే మరి తలుపెందుకు రావడంలేదండీ?"

"మీ పక్కన చెప్పుల స్టాండు మీద ఒక నలుచదరపు కడ్డీ ఉంటుంది. దాన్ని ఈ కన్నంలో పెట్టి తిప్పితే వచ్చేస్తుంది."

"ఆఁ, ఉంది. దీన్నెవరండీ ఊడదీసింది?"

మావారు నా వైపు చూశారు. నేను బాల్కనీ వైపు చూశాను. ఆయన గొంతు తగ్గించి కన్నంలోకి ఏదో గొణిగారు. పెళ్లయిన దగ్గర్నుంచి నేను ఎదురుచూస్తున్న మాట అది. ముక్కూ మొహం తెలియని మనిషికి, చిటికెన వేలు పట్టని కన్నంలోంచి, మోకాళ్ల మీద కూర్చుని చెబుతారని మాత్రం అనుకోలేదు.

"ఏంటండీ? వినపడలేదు" అన్నాడు బయటాయన.

"కొంచెం గట్టిగా చెప్పండి. పాపం ఆయనకి వినపడలేదట" అన్నాను నేను.

మావారు మళ్లీ కన్నానికి నోరు ఆనించారు.

"ఊడదీసింది నేనేనండీ! తాళం మంచిదే, గదీ మంచిదే, నేనన్నదే తప్పు!"